పసితనం లెక్క, పాతబస్తీ సాక్ష్యం

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టు 29న కన్నుమూసేనాటికి ఆయన వయసు 45. కొడుకు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరి 24న పోయేనాటికి 80 నిండాయి. ఒకే వంశం, ఒకే ఖజానా, ఆయుష్షులో మాత్రం 35 ఏళ్ల తేడా. చిన్ననాటి పెంపకమే పెద్దయ్యాక ఆరోగ్యాన్ని తేలుస్తుందని నమ్మేవాళ్లకు ఇంతకంటే నోరూరించే ఉదాహరణ దొరకదు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869లో పోతే రెండున్నరేళ్ల పసివాడుగా మహబూబ్ అలీ గద్దెనెక్కారు. మొదటి సాలార్ జంగ్ తదితరులు రాజ్యం చూసుకున్నారు. పిల్లవాణ్ణి దాదులు, నౌకర్లు, ఆ తర్వాత ఇంగ్లీషు పంతులు కెప్టెన్ జాన్ క్లార్క్ చూసుకున్నారు. తండ్రి ఒడి ఎరగని బిడ్డ పెద్దయి మద్యానికి అలవాటుపడి తొందరగా వెళ్లిపోయారు, పాతికేళ్లు వచ్చేదాకా తండ్రి నీడన పెరిగిన కొడుకు నిండు వృద్ధాప్యం చూశారు అని చెప్పేస్తే కథ చక్కగా అతుకుతుంది. అంత చక్కగా అతికింది కాబట్టే దాన్ని అనుమానించాలి. మూడో సాలార్ జంగ్ యూసుఫ్ అలీ ఖాన్ 1889 జూన్‌లో పుట్టారు. నెల తిరక్కముందే తండ్రి పోయారు. ఆయన 59 ఏళ్లు బతికి, ఇప్పుడు మ్యూజియంలో మనం చూసే సంపదలో ఎక్కువ భాగం పోగుచేశారు. ఇక ఉస్మాన్ అలీ ఖాన్ సిగరెట్ల సంగతి ఊరంతటికీ తెలిసిందే. ఒక్కొక్కరి కథలు వదిలి లెక్కలు చూద్దాం. అమెరికాలో మనస్తత్వవేత్త లూయిస్ టెర్మన్ 1921లో మొదలుపెట్టి దాదాపు 1,500 మంది పిల్లల జీవితాలను నమోదు చేయించారు. వాళ్ల మరణాల లెక్క తీసినప్పుడు, తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలు త్వరగా పోయారని తేలింది గానీ, తల్లో తండ్రో చనిపోయిన పిల్లల్లో అలాంటి తేడా కనబడలేదు. అంటే ఒడి ఖాళీ కావడం ఒక్కటే కారణం కాదు. ఖాళీ అయిన ఒడి చుట్టూ ఏముంది, ఎవరున్నారు అన్నది అసలు ప్రశ్న. పెంపకం అంటే తల్లిదండ్రుల మంచితనమే అనుకుంటాం. పాతబస్తీ చరిత్ర చదివితే నాకు తోచేది వేరు. బిడ్డను పెంచగలిగే స్థితిని తల్లికి ఎవరు సమకూర్చారన్నది కూడా పెంపకంలో భాగమే. ముదిమిలో గుండె, రక్తనాళాలు ఎలా ఉంటాయన్నది ఆ భాగం మీద మనం ఒప్పుకునేదానికంటే ఎక్కువగా ఆధారపడి ఉంది.

ఈ ఆలోచన ఈ ఊరికి కొత్తది కాదు. చార్మినార్ కట్టిన నాలుగేళ్లకు, 1595లో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీకి దగ్గర్లో దారుల్‌షిఫా కట్టించాడు. అది ఆసుపత్రీ, వైద్యం నేర్పే బడీ కూడా. అక్కడ నడిచిన యునానీ వైద్యానికి మూలస్తంభం ఇబ్న్ సీనా రాసిన 'అల్ ఖానూన్'. ఆ గ్రంథంలో ఆరోగ్యంగా బతికే పద్ధతి గురించిన భాగం పసిబిడ్డ సంరక్షణతోనే మొదలవుతుంది. బిడ్డకు తల్లిపాలే మేలంటాడు, రెండేళ్లు ఇవ్వమంటాడు. పాలతోపాటు మెల్లని ఊపు, పాట కూడా కావాలని, ఒకటి ఒంటికి, ఇంకొకటి మనసుకు అని చెబుతాడు. శాలిబండలోనో గౌలీపురాలోనో ఉయ్యాలలో బిడ్డను వేసి జోలపాడే తల్లికి ఈ మాట ఏ హకీమూ చెప్పనక్కర్లేదు. నువ్వులనూనె మర్దన, కాళ్ల మీద పడుకోబెట్టి పోసే వేడినీళ్లు, సాంబ్రాణి పొగ, ఉగ్గు, ఇవన్నీ చేసే ముసలమ్మ ప్రతి వాకిట్లోనూ ఉండేది. వీటిలో అన్నీ మంచివి కావు. పుట్టగానే ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించడం, ఘుట్టీ పోయడం బిడ్డకు చేటు చేసే పనులు. కానీ మర్దన విషయంలో ముసలమ్మే గెలిచింది. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు రోజుకు మూడుసార్లు, పావుగంట చొప్పున, పది రోజులు ఒళ్లు నిమిరించింది. అవే పాలు తాగిన మిగతా శిశువుల కంటే వాళ్లు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. స్పర్శ తగ్గితే పిల్ల ఎలుకల్లో ఎదుగుదల హార్మోను తగ్గిపోతుందనీ, తడి కుంచెతో నిమిరితే మళ్లీ పెరుగుతుందనీ సాల్ షాన్‌బర్గ్ ప్రయోగశాల అప్పటికే చూపించింది.

నవాబుల పెద్ద దేవిడీల్లో మాత్రం ఈ ఊపూ పాటా కన్నతల్లి చేతిలో ఉండేవి కావు. పాలిచ్చే దాది ఉండేది, ఉర్దూలో ఆమెను అన్నా అంటారు. ఇస్లామీ ధర్మశాస్త్రం పాలిచ్చిన స్త్రీని తల్లితో సమానం చేసింది. ఆమె బిడ్డలకూ, ఆమె పాలు తాగిన బిడ్డకూ పెళ్లి కుదరదు. కాబట్టి ఈ ఉద్యోగం బంధుత్వంగా మారేది, నవాబు పెద్దవాడయ్యాక కూడా అన్నాకు ఇంట్లో చోటు పోయేది కాదు. జనానాలో మేనత్తలు, అమ్మమ్మలు, నౌకర్లు కలిసి ఒక బిడ్డను పెంచే ఈ తీరును 'ఊరంతా పెంచిన బిడ్డ' అని మురిసిపోవడం ఈ మధ్య పరిపాటి. ఆ మురిపెం నాకు సగమే రుచిస్తుంది. దాది కూడా బాలింతే, పాలు ఊరాలంటే ఆమె కూడా ఒక బిడ్డను కని ఉండాలి. ఆ బిడ్డ ఎవరి పాలు తాగింది? నీళ్లు కలిపిన మేకపాలా, గంజా? దేవిడీ గోడ దాటి లోపలికి వెళ్లిన పాలు బస్తీలో ఒక ఉయ్యాలను ఖాళీ చేసే వెళ్లాయి. ఒక బిడ్డకు దొరికిన శ్రద్ధ ఇంకో బిడ్డ నుంచి కొన్నదైతే, ఆ రెండో బిడ్డ అనారోగ్యాన్ని తల్లి పెంపక లోపంగా రాయడం అన్యాయం. ఈ లెక్క ఇప్పటికీ మారలేదు. బంజారాహిల్స్ ఇళ్లలో పిల్లల్ని ఆడించడానికి పొద్దున్నే బస్సెక్కే ఆయాలు తమ పిల్లల్ని పక్కింట్లో వదిలే వస్తున్నారు.

గోడ బయట సంగతి చూద్దాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. పోయిన ప్రాణాలు 15,000 దాకా ఉంటాయని అంచనా. మూడేళ్లకు, 1911లో, ప్లేగు వచ్చింది. ఆ దశాబ్దంలోనే 1918 ఇన్‌ఫ్లుయెంజా కూడా. అప్పట్లో దేశంలో పుట్టిన బిడ్డ సగటు ఆయుష్షు పాతికేళ్లకు లోపే. ఆ సగటు అంత తక్కువ కావడానికి కారణం అందరూ పాతికేళ్లకే పోవడం కాదు, పసికందులు గుంపులుగా పోవడం. అలాంటి ఊళ్లో తల్లి చేయగలిగిన పెంపకం ఎంత? లాల్‌దర్వాజాలో బోనం ఎత్తుకుని బిడ్డను చల్లంగ చూడు తల్లీ అని పోచమ్మకూ మహంకాళికీ మొక్కుకునేది. మసూచి, కలరా కాలంలో ఆ మొక్కు మూఢత్వం అనేవాళ్లు ఆమెకు మిగిలిన దారులు ఎన్నో కూడా చెప్పాలి. వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన పథకాల ఫలితంగా ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి, మురుగు కాలువల పథకం కూడా ఆయనదే. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, నీళ్ల రుచి గురించి హైదరాబాదీలు ఎంతైనా చెబుతారు. నాకు మాత్రం ఆ నీళ్ల గొప్పతనం రుచిలో కనబడదు. గల్లీలోకి నల్లా వస్తే తల్లికి బావి దగ్గర గడిచే గంటలు మిగులుతాయి, బిడ్డకు విరేచనాలు తగ్గుతాయి, తిన్నది ఒంటికి పడుతుంది. ఇది ఏ పిల్లల పెంపకం పుస్తకంలోనూ ఉండదు. 1906లో వేల్స్ యువరాణి చేతుల మీదుగా శంకుస్థాపన జరిగిన విక్టోరియా జనానా ఆసుపత్రి, ఆ తర్వాత పేట్లబురుజు, 1953లో రెడ్‌హిల్స్‌లో వచ్చిన నీలోఫర్, అన్నీ ఈ వరుసలోవే. కాన్పులో తన పరిచారిక చనిపోవడం తట్టుకోలేక యువరాణి నీలోఫర్ ఆ ఆసుపత్రికి పూనుకున్నారు. పాతబస్తీ జనం ప్రసూతి ఆసుపత్రిని జచ్గీఖానా అనే అంటారు. ఆ మాటలో భయం తగ్గి భరోసా పెరగడానికి రెండు తరాలు పట్టింది.

పసితనంలో దెబ్బ తగిలితే ముసలితనంలో నొప్పి పుడుతుందా అన్నదానికి శాస్త్రం ఆధారాలు వెదకడం ఇంకా ఆలస్యంగా మొదలైంది. 1986లో డేవిడ్ బార్కర్, క్లైవ్ ఆస్మండ్ ఇంగ్లండ్, వేల్స్ పటాలను పక్కపక్కన పెట్టి చూశారు. 1921–25లో శిశు మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోనే 1968–78లో గుండెజబ్బు మరణాలూ ఎక్కువ. ఈ చూపును మనుషుల దాకా తేవడానికి వాళ్లకు హెర్ట్‌ఫర్డ్‌షైర్ రిజిస్టర్లు పనికొచ్చాయి. ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే నర్సు 1911 నుంచి ఆ జిల్లాలో పుట్టిన ప్రతి బిడ్డ బరువునూ, ఏడాది నిండాక మళ్లీ బరువునూ, తల్లిపాలా సీసాపాలా అన్నదీ మంత్రసానులతో, ఆరోగ్య సందర్శకులతో రాయించింది. హైదరాబాద్ ప్లేగుతో కొట్టుమిట్టాడిన ఏడాదీ అదే. మన దాయీల జ్ఞాపకం గొప్పదే, కానీ వాళ్ల చేతిలో త్రాసూ లేదు, పుస్తకమూ లేదు. దక్షిణాదిలో అలాంటి పుస్తకం మైసూరులోని హోల్డ్‌స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో దొరికింది. 1934–54 మధ్య అక్కడ పుట్టిన 517 మందిని, 45 దాటాక వెదికి పట్టుకుని పరీక్షించారు. అయిదున్నర పౌన్లు, అంతకు తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో గుండె రక్తనాళాల జబ్బు 11 శాతం. ఏడు పౌన్లకు మించినవాళ్లలో 3 శాతం.

పుట్టుక బరువు తల్లి ఒంటి సంగతి, పెంపకం కాదు కదా అని ఎవరైనా అడగొచ్చు. దానికి జవాబు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల నుంచే వచ్చింది. కూనూరు నుంచి 1958లో తార్నాకకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 1987–90లో ఒక పని చేసింది. అప్పటికి ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) కొన్ని బ్లాకుల్లో నడుస్తోంది, పక్క బ్లాకులకు ఇంకా రాలేదు. అలా 29 పల్లెలు తీసుకున్నారు. పథకం ఉన్న 15 ఊళ్లలో అంగన్‌వాడీలో మొక్కజొన్న–సోయా పిండితో, సోయా నూనెతో ఉప్మా వండి పెట్టారు. గర్భిణికీ బాలింతకూ రోజుకు సుమారు 500 కేలరీలు, ఆరేళ్లలోపు బిడ్డకు 300. మిగతా 14 ఊళ్లలో ఆ ఉప్మా లేదు. 2003–05లో మళ్లీ వెళ్లి అప్పటి పిల్లల్లో 13–18 ఏళ్ల మధ్య ఉన్న 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. ఇన్సులిన్‌కు ఒళ్లు మొండికేయడం వాళ్లలో 20 శాతం తక్కువ, రక్తనాళాల బిగుతు కూడా తక్కువ. రక్తపోటులో, కొవ్వు లెక్కల్లో తేడా లేదు. ఒకటిన్నర సెంటీమీటరు కూడా రాని పొడవుకు ఇంత హడావుడా అనిపిస్తుంది. పైగా ఇది లాటరీ వేసి ఊళ్లను విడదీసిన ప్రయోగం కాదు, ఏ ఊళ్లో చదువుకున్న తల్లులు ఎక్కువో, ఏ ఊరికి రోడ్డు దగ్గరో అన్న అనుమానం పూర్తిగా పోదు. ఒప్పుకుంటాను. కానీ గ్వాటెమాలాలో 1969–77 మధ్య ఇలాగే నాలుగు పల్లెలు తీసుకుని, రెంటిలో పుష్టికర జావ పెట్టి చూశారు. మూడేళ్లలోపు ఆ పుష్టికర జావ తాగిన మగపిల్లలు పెద్దయ్యాక గంటకు 46 శాతం ఎక్కువ కూలి సంపాదించారు. రెండు ఖండాల్లో, రెండు వేర్వేరు గిన్నెల నుంచి, ఒకే వైపు చూపించే ఫలితాలు వస్తే కొట్టిపారేయడం కష్టం. ఈ ఉప్మాలో నాకు ముఖ్యంగా కనబడేది ఇది: ఆ గిన్నె దాకా బిడ్డను ఎత్తుకొచ్చింది తల్లి, గిన్నెలో ఉప్మా ఉండేలా చూసింది సర్కారు. ఫలితంలో ఎవరి వాటా ఎంతో విడదీసే త్రాసు లేదు.

అయితే ప్రేమ సంగతేమిటి? తిండీ నీళ్లూ చాలు, ముద్దూ మురిపెం అలంకారమే అని నేననడం లేదు. హార్వర్డ్‌లో 1950ల మొదట్లో చదువుకున్న ఆరోగ్యవంతులైన వందపైచిలుకు యువకులను తల్లిదండ్రులతో వాళ్ల అనుబంధం ఎలాంటిదని అడిగి రాసుకున్నారు. 35 ఏళ్ల తర్వాత చూస్తే, తల్లితో ఆప్యాయత లేదన్నవాళ్లలో 91 శాతానికి ఏదో ఒక పెద్ద జబ్బు ఉంది, ఉందన్నవాళ్లలో 45 శాతానికి. ఈ అంకెల్ని పత్రికలు ఎంతో ఇష్టంగా వాడుకుంటాయి. కానీ అది చిన్న గుంపు, అందరూ మగవాళ్లు, అందరూ కడుపు నిండినవాళ్లు. పైగా వాళ్లు చెప్పింది జరిగిన పెంపకం కాదు, తమకు గుర్తున్న పెంపకం. చిరాకు మనస్తత్వం ఉన్నవాడికి బాల్యమూ చేదుగానే గుర్తుంటుంది, ఆ చిరాకే రక్తపోటూ తెస్తుంది. ఈ అభ్యంతరం బలమైనదే, మాటరాని జీవుల దగ్గరే దీన్ని దాటగలం. మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం 1997లో చూపించింది అదే: ఎక్కువగా నాకి నిమిరే తల్లి ఎలుకల పిల్లలు పెద్దయ్యాక భయానికీ ఒత్తిడికీ తక్కువ చలిస్తాయి. కాబట్టి ఆప్యాయత ఒంట్లోకి దిగుతుంది. ఐతే హార్వర్డ్ కుర్రాళ్ల తల్లులకు నల్లా నీళ్లు, పాలు, తీరిక ముందే ఉన్నాయి. అక్కడ మిగిలిన తేడా ప్రేమ ఒక్కటే, అందుకే ప్రేమ అంత పెద్దగా కనబడింది. అదే కొలబద్ద తలాబ్‌కట్ట గల్లీకి తెచ్చి, బిడ్డ జబ్బుపడితే తల్లి ఆప్యాయత చాలలేదనడం లెక్క తప్పడమే.

'మా నానమ్మకు ఏ అంగన్‌వాడీ ఉంది, ఏ టీకా ఉంది, తొంభై ఏళ్లు రాయిలా బతికింది' అన్న మాట ఈ చర్చలో ఎప్పుడూ వస్తుంది. నానమ్మ గట్టిదే. ఆమెతోపాటు పుట్టి రెండేళ్లు నిండకుండా పోయిన చెల్లెళ్లూ తమ్ముళ్లూ ఈ వాదనకు వచ్చి కూర్చోలేరు గదా. మిగిలినవాళ్లను చూసి కాలాన్ని మెచ్చుకుంటే, పోయినవాళ్ల లెక్క ఎవరూ అడగరు. అసలు, బతికి బట్టకట్టినవాళ్ల మీద కూడా ఆ కాలం గుర్తు పెట్టే పోయింది. దక్షిణ స్వీడన్‌లో నాలుగు పారిష్‌ల జనన మరణ రికార్డులు, 1766 నుంచి 1894 దాకా, పరిశీలించిన టామీ బెంగ్ట్‌సన్, మార్టిన్ లిండ్‌స్ట్రోమ్ చెప్పింది అదే. పుట్టిన ఏడాది ఊళ్లో అంటురోగాలు ఎక్కువగా ఉన్నవాళ్లు, బతికినా, 55 దాటాక త్వరగా పోయారు. ఇంకొందరు దీనికి వ్యతిరేకమైన భయం పెట్టుకుంటారు: అంతా పసితనంలోనే అయిపోతే ఇక పెద్దయ్యాక చేసేదేముంది అని. మైసూరు లెక్కే చూడండి. తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో 11 శాతానికి జబ్బు ఉందంటే 89 శాతానికి లేదనే అర్థం. పసితనం మొగ్గు చూపుతుంది, తీర్పు ఇవ్వదు.

పాతబస్తీ ఇటీవలి చరిత్ర ఈ మొగ్గును అటూ ఇటూ ఊపుతూనే ఉంది. 1970ల చమురు గిరాకీతో ఇక్కడి తండ్రులు సౌదీకి, కువైట్‌కు, దుబాయికి వెళ్లారు. ఇంట్లో పాలు, గుడ్డు, ఇంగ్లీషు మీడియం బడి వచ్చాయి, తండ్రి మాత్రం రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చే చుట్టంలా అయ్యాడు. పళ్లెం నిండింది, ఒడి ఖాళీ అయింది. రెంటినీ ఒకే త్రాసులో తూచబోయేవాళ్లు తొందరపడుతున్నారని నా అభిప్రాయం. 1978 నుంచి 1990 దాకా అల్లర్లు, కర్ఫ్యూలు. 1990 డిసెంబరులో వందమందికి పైగా చనిపోయిన ఆ గొడవల తర్వాత మనోవిశ్లేషకుడు సుధీర్ కక్కర్ ఇక్కడి పెద్దలతో, పిల్లలతో మాట్లాడి పుస్తకమే రాశారు. కర్ఫ్యూ అంటే పిల్లల దృష్టిలో పాలు రాని పొద్దు, తలుపు తీయని అమ్మ. ఇక 2015 జనవరిలో భవానీనగర్, తలాబ్‌కట్ట ప్రాంతాల్లో పోలీసులు సోదాలు చేస్తే లక్క గాజుల కార్ఖానాల్లో రెండువందలకు పైగా పిల్లలు బయటపడ్డారు, ఎక్కువమంది బీహార్ నుంచి వచ్చినవాళ్లు. గాలి ఆడని గది, బొగ్గు కుంపటి మీద కరిగే లక్క, రసాయనాల ఘాటు, నేల మీద బాసిపట్లేసుకుని రాళ్లు అతికించే చిన్న వేళ్లు. ఆ గాజులే లాడ్‌బజార్‌లో పెళ్లికూతుళ్ల చేతికి ఎక్కుతాయి. ఈ పిల్లల ఊపిరితిత్తులు 50 ఏళ్లకు ఎలా ఉంటాయో ఎవరూ వెదికి పరీక్షించబోరు. వాళ్ల తల్లిదండ్రులు పెంచలేకపోయారనే మాట నిజమే, కానీ అది సగం నిజం.

పెంపకంలో తన వాటా కూడా ఉందన్న సంగతిని సర్కారు కొంత గుర్తించింది. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలోనే ఒక పూట అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. పాతబస్తీలో చాలాచోట్ల అంగన్‌వాడీ అంటే ఇరుకు గల్లీలో ఒక అద్దె గది. అక్కడికి మధ్యాహ్నం వచ్చి కూర్చుని తినాలంటే, ఇంట్లో జోడు లెక్కన గాజులకు రాళ్లు అతికించే ఆమెకు ఆ గంట కూలి పోతుంది. 2017లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకం ఆ కూలిని కూడా లెక్కలోకి తీసుకుంది: సర్కారు దవాఖానాలో కాన్పు అయితే 12,000 రూపాయలు, ఆడపిల్ల అయితే 13,000, వాయిదాల్లో. తల్లి తీరికకు వెల కట్టి, అది ప్రజల ఖర్చని ఒప్పుకున్న పథకం అది. వాయిదాలు మాత్రం బిడ్డకు తొమ్మిదో నెల టీకా వేయించాక ఆగిపోయేలా పెట్టారు. ఊరి చివరి పల్లెల్లో రక్తనాళాల మీద గుర్తు వదిలిన ఆ ఉప్మా తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి బిడ్డకు ఆరేళ్లు వచ్చేదాకా పెట్టింది. తొమ్మిది నెలల దగ్గర గీత గీయడానికి ఖజానా దగ్గర కారణం ఉండొచ్చు, వైద్యం దగ్గర మాత్రం లేదు.